తవిటినాయుడి ప్రారంభ విలువ

మా కేంద్రంలో మందు మాన్పించుకోవాలంటే ఒకే ఒక అర్హత ఉండాలి. వచ్చిన మనిషి తాగి ఉండాలి.

దీన్ని తప్పు పట్టడానికేమీ లేదు. పన్ను నొప్పి లేనివాడు పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి నోరు తెరుచుకుని కూచోడు కదా. కాకపోతే మా దగ్గర ఆ నొప్పిని అంకెలో చూపించాలి. గుమ్మంలోనే బల్ల మీద ఊదుడు మిషను ఉంటుంది. వచ్చినవాడు ఊదితే పడిన అంకెను ‘ప్రారంభ విలువ’ అంటాం. నెల రోజులు మేం సేవ చేశాక మళ్లీ ఊదిస్తాం. అప్పుడు పడినదాన్ని ‘అంత్య విలువ’ అంటాం. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది పురోగతి. ఇంకోరకం పురోగతి మా దగ్గర దొరకదు.

మునుపు ఇలా ఉండేది కాదు. జనం వచ్చి వరండాలో బెంచీ మీద కూచునేవాళ్లు. గోడు చెప్పుకునేవాళ్లు, ఏడ్చేవాళ్లు, టీ తాగి వెళ్లేవాళ్లు. కొందరు మానేవాళ్లు. కొందరు మానేసి, మళ్లీ మొదలుపెట్టి, సిగ్గుపడుతూ మళ్లీ వచ్చేవాళ్లు. నేనక్కడ కౌన్సెలర్ని, పేరు భానోజీ. సోషల్ వర్కులో పీజీ చేశాను. ఎదుటివాడి మాట వినడమే ఉద్యోగమనుకుని తొమ్మిదేళ్లు వింటూ గడిపేశాను. అంతలో మా ప్రాజెక్టు అధికారి విశ్వంభరరావు గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లి, మనిషి మారిపోయి తిరిగొచ్చారు. ‘కొలవనిది జరగనట్టే’ అని అక్కడెవరో చెప్పారట. ఆ ముక్కను మా సమావేశ మందిరం ఎదుటి గోడ మీద నీలం రంగుతో రాయించారు. అక్కడ అంతకు ముందు ‘మద్యం మానండి, మనిషిగా బతకండి’ అని ఉండేది. దాన్ని పక్క గోడకు మార్చారు.

మిషను వచ్చాక బెంచీ ఖాళీ అయింది. తాగి ఉన్నవాడు ఆ స్థితిలో మా గుమ్మం తొక్కాలనుకోడు. మానాలనుకున్నవాడు కాస్త మంచి బట్టలేసుకుని, తాగకుండా వస్తాడు. అలా వచ్చినవాడికి సున్న పడుతుంది. సున్న పడినవాణ్ని మేం చేర్చుకోం. మూడు నెలలకు అయిదుగురిని మాన్పించాలని మాకో లక్ష్యం ఉంది. ఏడాదిగా ఆ గడిలో ఎవరి పేరూ పడలేదు.

తవిటినాయుడు వచ్చింది ఒక సోమవారం పొద్దున్న. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకున్నాడు. మా ఊరి బస్సు డిపోలో డ్రైవరు. డిపోలోనూ ఒక ఊదుడు మిషను ఉంది. బండెక్కే ముందు డ్రైవర్లంతా ఊదాలి. ఒకరోజు తెల్లవారి డ్యూటీకి వెళ్లి ఊదితే రాత్రి తాగినదాని తాలూకు అంకె పడింది. అక్కడికక్కడే సస్పెండ్ చేసి, తొంభై రోజులు గడువిచ్చారు. ఈలోగా మద్యవిముక్తి కేంద్రం నుంచి కాగితం తెస్తే మళ్లీ స్టీరింగు. తేకపోతే ఉద్యోగం శాశ్వతంగా పోతుంది.

“ఊదండి,” అన్నాను.

అలవాటైనవాడిలా గుండెనిండా గాలి పీల్చి ఊదాడు. సున్న పడింది. మిషను తుడిచి మళ్లీ ఊదించాను. సున్నే.

“నలబై ఏడు రోజులైంది బాబూ, సుక్క ముట్నేదు. బస్సాపీసిన రోజే మానీసేను,” అన్నాడు.

మెచ్చుకుని, కంప్యూటర్లో కొత్తవాళ్లను చేర్చుకునే ఫారం ఏడు తెరిచి, ప్రారంభ విలువ గడిలో సున్న కొట్టాను. కంప్యూటరు ఆ గడిని ఎర్రగా చేసి ‘విలువ సున్న కంటె ఎక్కువ ఉండవలెను’ అంది. చేసేది లేక విశ్వంభరరావు గారి గదిలోకి వెళ్లాను.

“సదరు వ్యక్తికి సమస్య ఉన్నదా?” అని అడిగారు.

“ఉందండి. సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి చేతులు వణుకుతున్నాయట. చీకటిపడేలోపు ఎవరితోనైనా మాట్లాడుతూ ఉంటే గట్టెక్కుతానంటున్నాడు. డిపోలో ఇవ్వడానికి కాగితం కూడా కావాలట.”

“అంకె ఎంత?”

“సున్నండి.”

“అయితే సమస్య లేదు.”

“లేదంటే కాగితం ఇచ్చేద్దామాండి?”

ఆయన కళ్లజోడు తీసి నావైపు జాలిగా చూశారు. “లేని సమస్యను పరిష్కరించితిమని ఎట్లు ధ్రువీకరిస్తాం భానోజీ గారూ? అది తప్పుడు ధ్రువీకరణ. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా మీద అలాంటి మచ్చ లేదు.”

మా ఆఫీసు అటెండరు కూర్మారావు టీ పెట్టడానికి వచ్చి ఈ మాట విన్నాడు. మనిషి మంచివాడు, పరోపకారి. “అయ్యా, తమరు ఊఁ అంటే సాయంత్రం నాను ఊదీస్తాను. నాకు రోజూ మంచి అంకె పడతాది,” అన్నాడు.

“ఊపిరి లబ్ధిదారునిదై ఉండవలెను,” అని విశ్వంభరరావు గారు ఆ సాయాన్ని తిరస్కరించారు. నిజాయితీ విషయంలో ఆయన రాజీ పడరు.

రాష్ట్ర కార్యాలయానికి లేఖ రాశాం. జవాబు వచ్చేదాకా తవిటినాయుణ్ని రోజూ సాయంత్రం రమ్మన్నాను. అయిదున్నరకు వచ్చేవాడు. బెంచీ మీద ఇద్దరం కూచునేవాళ్లం. ఘాట్ రోడ్డులో బ్రేకులు పోయినప్పుడు బస్సును ఏ మట్టిగుట్టకు ఎలా ఆనించాడో చెప్పేవాడు. పదేళ్ల కూతురు ఇప్పుడు పక్కన కూచుని హోంవర్కు చేసుకుంటోందని చెప్పేవాడు. ఏడయ్యేసరికి చేతుల వణుకు తగ్గేది. లేచి ఇంటికెళ్లేవాడు. ఆ గంటన్నరను రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి లేదు కాబట్టి, మా కేంద్రం లెక్క ప్రకారం అది జరగలేదు.

అరవయ్యో రోజున రాష్ట్ర కార్యాలయం జవాబు వచ్చింది. అరవయ్యో రోజంటే తవిటినాయుడు మానేసిన అరవయ్యో రోజు. అప్పటికి నేను కూడా క్యాలెండర్ని ఆయన లెక్కలోనే చూస్తున్నాను.

“సదరు వ్యక్తి ప్రస్తుతము మద్యము సేవించుచుండని కారణమున పథకపు ఫలములకు అనర్హుడైయున్నాడు. అట్టి అనర్హతను తొలగించుటకు కేంద్రమే చొరవ చూపవలెను. వైద్యాధికారి సమక్షమున, ఒకే ఒక పర్యాయము, లబ్ధిదారునికి ప్రారంభ విలువ కల్పించి, తదుపరి చికిత్స ఆరంభింపవలెను. లబ్ధిదారుని గౌరవమునకు, స్వేచ్ఛకు ఎట్టి భంగమును కలుగరాదు.”

బెంచీ మీద తవిటినాయుడికి చదివి వినిపించాను.

“అంటే ఏటి బాబూ?”

“అంటే మీరొకసారి తాగాలి.”

“మానడానికా?”

“మానినట్టు రుజువు కావడానికి.”

ఆ లేఖను నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అన్నాడు: “డిపోలో సున్న పడితేనే బస్సిత్తారు. ఇక్కడ సున్న పడితే తలుపేసెత్తన్నారు. ఎక్కడ ఊదాలో తెలీకుండా ఉంది. ఒక్కసారి తాగమంటన్నారు గదా, ఒక్కసారితో ఆగగలిగితే నాను మీకాడికి ఎందుకొత్తాను బాబూ? అదే గదా నా రోగం.”

పీజీలో రెండేళ్లు నేను చదివినదంతా ఆయన ఆ ఒక్క మాటలో చెప్పేశాడు.

విశ్వంభరరావు గారికి ఆ మాట యథాతథంగా చెప్పాను. ఆయన ఉత్సాహంగా ముందుకు వంగారు. “దీన్నేమంటారు మీ శాస్త్రంలో? ప్రతిఘటన. సేవలు స్వీకరించడానికి లబ్ధిదారుడు సంసిద్ధుడుగా లేడు. మీ చదువు ఇందుకే కదా! ప్రేరణాత్మక సంభాషణ జరపండి. బలవంతపెట్టవద్దు. తీర్పు చెప్పవద్దు. తాగుతానన్న మాట ఆయన నోటి నుంచే రావాలి.”

తాగేవాణ్ని మానే దిశగా నడిపించడానికి కనిపెట్టిన పద్ధతి అది. దాన్ని వెనక్కి తిప్పి నడపడంలో పెద్ద ఇబ్బందేమీ లేదని ఆ వారం తెలుసుకున్నాను. బస్సుకు రివర్స్ గేరు ఉన్నట్టే. ఆయన్ని ఎదురుగా కూచోబెట్టుకుని, గొంతు మెత్తగా చేసుకుని, “తాగకూడదన్న ఆలోచన మీకు మొదట ఎప్పుడు వచ్చింది? తాగకపోవడం మీ భవిష్యత్తుకు ఎలా అడ్డొస్తోందనుకుంటున్నారు?” అని అడిగాను. ఒక కాగితం మీద నిలువుగా గీత గీసి, తాగితే వచ్చే లాభాలూ నష్టాలూ చెరో వైపు రాయమన్నాను.

అరగంట పట్టింది. వంకర అక్షరాలతో రాసి ఇచ్చాడు. లాభాల వైపు ‘ఉజ్జోగం వస్తది’ అని ఉంది. నష్టాల వైపు ‘ఉజ్జోగం పోతది’ అని ఉంది. దాని కింద ‘పాప లెగిసి అవతలికి ఎల్లిపోతది’ అని రాసి, రెండుసార్లు గీత గీశాడు.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఫైల్లో పెట్టాల్సింది. సిగ్గేసింది, పెట్టలేదు.

“కుటుంబ సహకారం లోపించినట్లున్నది. గృహ సందర్శన చేయండి,” అన్నారు విశ్వంభరరావు గారు. ఆయన కూడా వస్తానన్నారు. ఆఫీసు జీపులో బయల్దేరాం. మా జీపు వెనక ‘తాగుడు మానితే ఇల్లు బాగు’ అని రాసి ఉంటుంది.

తవిటినాయుడి భార్య అసిరమ్మ పెంకుటింటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచి, కొంగు సర్దుకుని, మంచినీళ్లిచ్చింది. విశ్వంభరరావు గారు గొంతు సవరించుకుని, భర్త కోలుకునే ప్రయాణంలో ఇల్లాలి పాత్ర గురించి పది నిమిషాలు మాట్లాడారు. ఈ కీలక దశలో ఆమె ఆయన్ని నిరుత్సాహపరచకూడదన్నారు.

“నాకేటీ అర్థం కానేదు బాబూ,” అంది నాతో.

నేను అర్థమయ్యేట్టు చెప్పాను. అసిరమ్మ చేతిలో చింతపండు పళ్లెం కింద పెట్టింది.

“పదకొండేళ్లు తాగినాడు. నాను ఏడ్సినాను, తన్నులు తిన్నాను, ఈ సేతుల్తో సీసాలు బద్దలుగొట్టినాను. ఒక్క ఆపీసరు ఈ సందులోకి రానేదు. ఇయ్యాల మానుకుని ఇంటికాడ కూకుంటే, తాగించడానికి జీపేసుకుని ఒచ్చినారా?”

“అమ్మా, ఇది మీ ఆయన మేలు కోరి—” అన్నారు విశ్వంభరరావు గారు.

“ఎల్లండి బాబూ. నీల్లు తాగీసి ఎల్లండి.”

జీపులో తిరిగొస్తూ ఆయన నోట్ రాయించారు: ‘లబ్ధిదారుని భార్య మద్యపానము పట్ల తీవ్ర ప్రతికూల వైఖరి కలిగియున్నది. ఆమెకు విడిగా కౌన్సెలింగ్ అవసరము.’

గడువు దగ్గరపడుతోంది. డెబ్భయ్యో రోజున ‘ప్రారంభ విలువ కల్పనా సంఘం’ ఏర్పడింది. విశ్వంభరరావు గారు అధ్యక్షులు, మా వైద్యాధికారి, గణాంకాధికారి, నేను సభ్యులం. కూర్మారావును ‘క్షేత్ర అనుభవం దృష్ట్యా’ ప్రత్యేక ఆహ్వానితుడిగా తీసుకున్నారు. సంఘం నాలుగుసార్లు సమావేశమైంది.

మొదటి సమావేశంలో సరుకు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న వచ్చింది. మద్యం మాన్పించే ఆఫీసు మద్యం కొంటే బాగుండదు కాబట్టి, ఎక్సైజు వాళ్లు దాడుల్లో పట్టుకున్న సరుకులోంచి ఒక ఫుల్ బాటిల్ బ్రాందీ ఇప్పించమని రాశాం. రెండో సమావేశంలో వాతావరణం గురించి చర్చ జరిగింది. లబ్ధిదారుడు పరాయిచోట తాగితే సహజమైన అంకె రాదని వైద్యాధికారి అభిప్రాయపడ్డారు. సేవలు మనిషి అలవాట్లను గౌరవించాలన్నారు. తవిటినాయుడు డిపో వెనక పాత టైర్ల మీద కూచుని, ఉప్పు సెనగలతో తాగేవాడని నా కేసు చరిత్రలో ఉంది. అందుచేత సమావేశ మందిరంలో ఒక లారీ టైరు వేయించాలని, సెనగలు తెప్పించాలని తీర్మానించాం. టైరు దొర్లించుకొచ్చింది కూర్మారావే.

మూడో సమావేశంలో గణాంకాధికారి పక్క గోడను చూపించారు. “పక్కనే ‘మద్యం మానండి’ అని ఉంటే లబ్ధిదారుని నిర్ణయాన్ని అది ప్రభావితం చేయదా?”

అందరం ఆ గోడవైపు చూశాం. ఇన్నేళ్లలో ఆ రాతను అంత శ్రద్ధగా చూడ్డం నాకు అదే మొదటిసారి. దానికి తెర కట్టాలని నిర్ణయమైంది. నాలుగో సమావేశంలో తెర రంగు మీద అభిప్రాయభేదం వచ్చి, ఆకుపచ్చ దగ్గర అందరం కలిశాం.

ఎక్సైజు నుంచి బాటిల్ రావడానికి పది రోజులు పట్టింది. ఎనభై ఆరో రోజు పదకొండు గంటలకు ఒక కానిస్టేబుల్ దాన్ని గుడ్డసంచిలో తెచ్చాడు. వెంట ఒక కాగితం కూడా ఉంది. సరుకును మంజూరైన పనికే వాడాలి. వాడినట్టు ధ్రువీకరణ రాసి, ఖాళీ సీసా సాయంత్రంలోగా తిప్పి పంపాలి.

“ఖాళీది ఇత్తేగానీ నాను ఎల్లడానికి నేదండి,” అని ఆయన వరండాలో కూచున్నాడు. అదే బెంచీ మీద కాస్త ఎడంగా అసిరమ్మ కూచుంది. మేం పిలవలేదు. మొగుడి వెంట వచ్చింది.

గడువుకింక నాలుగు రోజులే ఉందని రమ్మంటే కాదనలేక వచ్చిన తవిటినాయుడు లోపల టైరు మీద కూచున్నాడు. ఎదురుగా స్టూలు మీద స్టీలు గ్లాసు, ప్లేట్లో సెనగలు, పక్కన ఊదుడు మిషను. మేం అయిదుగురం అర్ధచంద్రాకారంగా కుర్చీల్లో కూచున్నాం. తన ఇష్టపూర్వకంగానే తాగుతున్నానన్న ఫారం మీద సంతకం తీసుకోవాలి. ఫారం తర్వాత చూద్దాం, ముందు గ్లాసు చూడనీండన్నాడు తవిటినాయుడు.

కూర్మారావు పోశాడు. గది అంతా ఆ వాసన నిండింది. తవిటినాయుడి ముక్కుపుటాలు కదిలాయి. చేతులు వణకడం మొదలైంది. సాయంత్రం అయిదున్నరకు వణికే ఆ చేతులు నాకు తెలుసు. పొద్దున్న పదకొండున్నరకు వాటిని అలా వణికించింది మేమే.

చెయ్యి గ్లాసు దాకా వెళ్లింది. పట్టుకున్నాడు. ఎత్తాడు. విశ్వంభరరావు గారి వేలు మిషను బొత్తాం మీదికి వెళ్లింది. నేను లేచి ఆ గ్లాసు లాక్కోవాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. తొమ్మిదేళ్ల ఉద్యోగం నన్ను ఆ కుర్చీకి బాగా అలవాటు చేసింది.

గ్లాసు పెదాల దగ్గర ఆగింది. గది బయట అసిరమ్మ ఒకసారి దగ్గింది.

ఆయన గ్లాసు దించి, ఒక్క చుక్క ఒలక్కుండా స్టూలు మీద పెట్టాడు.

“నావల్ల కాదు బాబూ,” అన్నాడు.

నిబంధన ప్రకారం మూడు అవకాశాలివ్వాలి. పావుగంట విరామం తర్వాత విశ్వంభరరావు గారు స్వయంగా గ్లాసు అందించారు. “మీ ఉద్యోగం కోసమైనా పుచ్చుకోండి. ప్రభుత్వం మీ పక్షాన నిలబడింది,” అన్నారు. తవిటినాయుడు తల అడ్డంగా ఊపాడు. మూడోసారి వైద్యాధికారి అందులో సోడా కలిపించి చూశారు.

“ఎనబై ఆరు రోజులు బాబూ. ఒక్కో సాయంత్రం ఒక్కో ఘాట్ రోడ్డులాగుంది. దిగి ఒచ్చీసేను. మల్లీ మీదికెక్కమంటే ఎక్కను. ఉజ్జోగం పోతే పోనీండి. రిచ్చా తొక్కుకుంటాను.”

లేచి టైరు పక్కకు దొర్లించి, అందరికీ దండం పెట్టి బయటికెళ్లాడు. భార్యా భర్తా గేటు దాటిపోవడం కిటికీలోంచి చూశాను. గేటు దాటాక ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

విశ్వంభరరావు గారు చాలా నొచ్చుకున్నారు. అప్పటికప్పుడు డిపో మేనేజరుకు లేఖ చెప్పి రాయించారు:

‘సదరు తవిటినాయుడు, డ్రైవరు, మా కేంద్రమునకు వచ్చిన నాటి నుండి ఒక్క పర్యాయమైనను మద్యము సేవించి రాలేదు. తాగవలసినదిగా పలుమార్లు కౌన్సెలింగ్ ఇచ్చినను, గృహ సందర్శన జరిపినను, అయిదుగురు సభ్యుల సంఘము సమక్షమున మూడు పర్యాయములు గ్లాసు అందించినను, మొండిగా నిరాకరించినాడు. ఇట్టి నిస్సహకారము వలన మద్యవిముక్తి కలిగించుట సాధ్యపడలేదు. కేసు విఫలమైనదిగా మూసివేయడమైనది.’

అయిదుగురం సంతకాలు చేశాం. గుండ్రటి ముద్ర కొట్టాం. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

అప్పుడు కానిస్టేబుల్ తలుపు దగ్గరికి వచ్చాడు. “ఖాళీ సీసా అండి.”

సీసా ఖాళీ కాలేదు. నిండుగా వెనక్కి పంపితే మంజూరైన పని జరగలేదని రాయాలి. అలా రాస్తే అంతా మొదట్నుంచీ సంజాయిషీ. మోరీలో పోసేద్దామని నేనన్నాను.

“ప్రభుత్వ ఆస్తిని మోరీలో పోయడమా!” అని గణాంకాధికారి తుళ్లిపడ్డారు.

కూర్మారావు ముందుకొచ్చి, ఈ భారం తనొక్కడే మోయగలనన్నాడు. అంత బాధ్యత కింది ఉద్యోగి మీద మోపడం అన్యాయమని, సంఘం సమష్టిగా భరించాలని విశ్వంభరరావు గారన్నారు. తలుపు వేసుకున్నాం. సెనగలు ఎలాగూ ఉన్నాయి. తెర ఎలాగూ కట్టి ఉంది.

నేనూ ఒక గ్లాసు పుచ్చుకున్నాను. గొంతు మండింది. దాచడమెందుకు, నా జీవితంలో మందు తాగడం అదే మొదటిసారి. మిగిలినదానిలో పెద్ద భాగం కూర్మారావు సమష్టి తరపున తాగాడు.

మూడింటికి ఖాళీ సీసా తీసుకుని కానిస్టేబుల్ వెళ్లాడు. విశ్వంభరరావు గారు టైరు మీద కూచుని, చాలాసేపు ఊదుడు మిషను వైపు చూశారు. తర్వాత దాన్ని తీసుకుని ఊదారు. నలభై రెండు పడింది. ఆయన మొహం వెలిగిపోయింది.

“భానోజీ గారూ,” అన్నారు, “ఫారం ఏడు తెరవండి.”

కంప్యూటరు ఆ అంకెను కిమ్మనకుండా తీసుకుంది. మిగతా నలుగురం కూడా ఊదాం. చికిత్సకు నెల రోజులు ఆగాలి కదా అన్నాను. లబ్ధిదారుడు అంతకంటే ముందే కోలుకుంటే అడ్డుపడరాదని నియమావళిలోనే ఉందన్నారు. మర్నాడు ఉదయం పదిన్నరకు నలుగురికి సున్న పడింది. కూర్మారావుకు మాత్రం దాని మర్నాటి సాయంత్రం దాకా పట్టింది. అయిదుకు అయిదుగురం, నూటికి నూరు శాతం పురోగతి. మూడు నెలల లక్ష్యం రెండు రోజుల్లో తీరిపోయింది. మా కేంద్రం పేరు రాష్ట్రస్థాయి ఉత్తమ కేంద్రాల జాబితాకు వెళ్లింది. ఫొటో అంటించి, ముద్ర కొట్టి, లామినేషన్ చేయించిన నా మద్యవిముక్తి ధ్రువపత్రం ఇప్పుడు మా ఇంట్లో బీరువా మీదుంది. మా ఆవిడ ఎవరొచ్చినా దాన్ని గోడవైపుకు తిప్పి పెడుతుంది.

తొంభయ్యో రోజున ఆ లేఖ పట్టుకుని తవిటినాయుడితో నేనూ డిపోకు వెళ్లాను. ఎవరూ వెళ్లమనలేదు. ఆయనొక్కడే ఆ కాగితంతో వెళ్లి నిలబడతాడంటే నాకు నిద్రపట్టలేదు.

డిపో మేనేజరు ప్రసన్నకుమారి గారు లేఖ విప్పి చదివారు. మొదటి వాక్యం దగ్గరే ఆగారు. మళ్లీ మొదట్నుంచి చదివారు. తవిటినాయుడు గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

“మూడుసార్లు పోశారా?” అని అడిగారావిడ.

“అవునండి,” అన్నాను.

“ఊరికేనా?”

“సెనగలు కూడా పెట్టామండి.”

“తాగలేదు?”

“తాగలేదండి. అందుకే విఫలమైందని రాశాం.”

ఆవిడ కిందున్న సంతకాలు వేలితో లెక్కపెట్టారు. “నా దగ్గర మీ కేంద్రం సర్టిఫికెట్లు ఏడాది కిందటివి ముప్ఫై దాకా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నేను నమ్మను. ఎదురుగా గ్లాసు పెడితే తాగలేదని అయిదుగురు సంతకం పెట్టిన కాగితం నా సర్వీసులో ఇదే చూడ్డం.” మిషను తెప్పించారు. “ఊదు నాయుడూ.”

ఊదాడు. సున్న పడింది. ఆవిడ రిజిస్టరు తెరిచి ఏదో రాశారు. తాళం చెవి బల్ల మీద పెట్టారు. “రేపు ఆరింటి బండి. ఘాట్ రూటు. ఆలస్యం చెయ్యకు.”

తవిటినాయుడు తాళం చెవి అందుకున్నాడు. దాన్ని పట్టుకున్నప్పుడు చేతులు వణకలేదు. ఆవిడకో దండం, నాకో దండం పెట్టాడు. ఆ రెండో దండానికి నేను తగను. మొహం పక్కకు తిప్పుకున్నాను.

కథ అయిపోయిందనుకున్నాను. మా ఆఫీసులో కేసు మూసినా ఫైలు మూయరు. విఫలమైన లబ్ధిదారుణ్ని నెలకోసారి కలిసి, స్థితిలో మార్పేమైనా ఉందేమో చూసి, అంకె పడిన వెంటనే చేర్చుకోవాలని నాకు మెమో ఇచ్చారు. అందుచేత ప్రతి నెలా మొదటి శనివారం ఘాట్ రూటు బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూచుంటాను. సెలవు రోజైతే ఇంజను పక్క సీట్లో వాళ్ల పాప కూడా ఉంటుంది, ఒళ్లో పుస్తకం పెట్టుకుని. మలుపులన్నీ దాటి బస్సు కిందికి దిగాక అడుగుతాను.

“ఈ నెలేమైనా తాగారా?”

“నేదు బాబూ.”

ఫారం తీసి మోకాలి మీద పెట్టుకుంటాను. తేదీ వేసి, ఆయన పేరుకు ఎదురుగా ఉన్న గడిలో ఎప్పటిలాగే రాస్తాను: ‘పురోగతి లేదు.’